వార్షిక నివేదిక: అప్పు తీరుస్తూనే ఆపద సొమ్ము

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రానివారికి కూడా నమస్కారమే. ఈ కాగితం ఎలాగూ వాళ్ల చేతికి చేరుతుంది.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ రాయను, అందరికీ తెలిసిందే. ఈ ఏడాది మనం నెత్తికెత్తుకున్న పని ఒక్కటే: సభ్యులు తమ సొంత అప్పులు తీర్చుకుంటూ, అదే సమయంలో అత్యవసరానికి కొంత పక్కన పెట్టుకునేలా చూడటం. ‘అదే సమయంలో’ అన్న మాట దగ్గరే మొదటి మూడు సమావేశాలు గడిచిపోయాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు కృతజ్ఞతలు. చివర్లో పెడితే అప్పటికి సగం మంది లేచి వెళ్లిపోతారని కిందటేడు తెలిసొచ్చింది. ఏడాది పొడవునా హాలు ఉచితంగా ఇచ్చిన దాతకు, ప్రతిసారీ కుర్చీలు వేసి, అయిపోయాక మళ్లీ సర్దిపెట్టిన కుర్రాళ్లకు, లెక్కల ఫారాలు సొంత ఖర్చుతో ప్రింట్ తీయించిన ఉపాధ్యక్షురాలు గారికి, చక్రవడ్డీ పాఠాన్ని విసుగు లేకుండా ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పిన రిటైర్డ్ లెక్కల మాస్టారికి, పిల్లల్ని పక్క గదిలో ఆడించి తల్లులను ప్రశాంతంగా కూర్చోనిచ్చిన ఇద్దరు అక్కయ్యలకు, మైకు పాడైన రోజు గొంతు చించుకున్న అధ్యక్షుల వారికి, ప్రతి రసీదునూ తారీఖు వారీగా దాచిన కోశాధికారి గారికి సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరిచిపోయి ఉంటే మన్నించండి. అసలు పేర్లే రాయలేదు కాబట్టి ఎవరూ నొచ్చుకోరనుకుంటాను.

ఇక ఆ మూడు సమావేశాల గొడవ. సభ్యుల్లో ఒక పక్షం వాదన ఇది: క్రెడిట్ కార్డు బాకీ మీద నూటికి నెలకు మూడు పడుతుంటే, పొదుపు ఖాతాలో ఏడాదికి నూటికి నాలుగు తెచ్చుకోవడం ఏం తెలివి? లక్ష పక్కన పెడితే ఏడాదికి నాలుగు వేలు వస్తుంది, అదే లక్ష బాకీ మీద ముప్పై ఆరు వేలు పోతుంది. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి నూరు కాస్తా ఏడాదికి నూట నలభై రెండున్నర దాటుతుంది, రెండేళ్లకు రెట్టింపు. కాబట్టి ముందు అప్పు, తర్వాతే పొదుపు. లెక్కలో తప్పేమీ లేదు. రెండో పక్షం తరఫున ఒక పెద్దావిడ లేచి, “చేతిలో ఉన్నదంతా ఊడ్చి కట్టేస్తే, రేపు ఏదైనా వచ్చిపడితే మళ్లీ అదే గుమ్మం ఎక్కాలి కదా నాయనా” అని కూర్చుంది. ఆవిడ దగ్గర అంకెలేమీ లేవు.

నేను మొదటి పక్షం వాణ్ణి, దాచేదేమీ లేదు. దాచుకున్నదంతా తీసి కార్డు బాకీ ఒక్కసారిగా కట్టేశాను. బాకీ సున్నా అని మెసేజ్ వస్తే ఇంట్లో అందరికీ చూపించాను. నలభై రోజులు తిరక్కుండానే బండి ఇంజన్ పోయింది. బండి లేకపోతే నాకు ఉద్యోగం లేదు. మెకానిక్ షెడ్డులో నిలబడి అదే కార్డు గీకాను. నాలుగో సమావేశంలో ఈ సంగతి చెప్పాక వాదన ఆగిపోయింది. మంచి వాదన వల్ల కాదు, నన్ను చూసి నవ్వడం వల్ల.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. ముందుగా ఏ అప్పు వాయిదా కూడా తప్పకూడదు. తప్పితే పడే జరిమానా, పరపతికి వచ్చే మచ్చ వడ్డీ కంటే ఎక్కువ బాధ పెడతాయి. తర్వాత ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు వీలైనంత త్వరగా పక్కన పెట్టాలి. ఇంటి ఖర్చంటే అద్దె, సరుకులు, మందులు, వాయిదాలు, అంతే. అది కుదిరాక మిగిలేదంతా ఎక్కువ వడ్డీ అప్పు మీదికి పోవాలి. అప్పుడు కూడా ఆపద సొమ్ములోకి నెలనెలా కొంచెం, మరీ కొంచెమైనా సరే, పడుతూ ఉండాలి. ఖరీదైన అప్పులన్నీ తీరాక ఆ సొమ్మును మూడు నుంచి ఆరు నెలల ఖర్చు దాకా పెంచుకోవాలి. ఇంట్లో ఇద్దరికీ స్థిరమైన జీతాలుంటే మూడు చాలు. ఒక్కరి సంపాదన మీదే ఇల్లు నడుస్తున్నా, ఒక నెల వచ్చి ఒక నెల రాని ఆదాయమైనా ఆరుకు తగ్గొద్దు. తక్కువ వడ్డీకి దీర్ఘకాలం తీసుకున్న ఇంటి రుణాన్ని ఈ పరుగులోకి లాగనక్కర్లేదని కూడా అనుకున్నాం.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గది లెక్కల ఆదివారం. గట్టిగా చెబుతున్నాను, సంఘం పుట్టాక ఇంత పనికొచ్చిన కార్యక్రమం మరొకటి లేదు. సభ్యులు తమ అప్పుల కాగితాలన్నీ తెచ్చుకున్నారు. ఒక్కో కుటుంబానికి ఒక ఫారం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు. ఫారంలో నాలుగు గడులు: ఎవరికి, ఎంత బాకీ, వడ్డీ ఎంత, నెలకు ఎంత కడుతున్నాం. పది నిమిషాల్లో మూడు గడులు నిండాయి. వాయిదా ఎంతో పైసా తేడా లేకుండా అందరికీ నోటికి వచ్చు. వడ్డీ గడి మాత్రం దాదాపు అన్ని ఫారాల్లోనూ ఖాళీ. ఒక దంపతుల బల్ల దగ్గర అయితే భర్తకు తెలియని అప్పు ఒకటి, భార్యకు తెలియని అప్పు ఒకటి బయటపడ్డాయి. కాసేపు ఆ బల్ల వైపు ఎవరూ వెళ్లలేదు. తర్వాత వాళ్లే నవ్వుకుంటూ ఇంకో ఫారం అడిగారు.

ఒక సభ్యురాలు ప్లాస్టిక్ కవరులో మడతలు పడిన కాగితాలు తెచ్చింది. అయిదు అప్పులు. కార్డు బాకీ అన్నిటికంటే పైన, దాని కింద పదహారు శాతం రుణం, ఆ కింద పన్నెండు శాతం రుణం. వడ్డీ ప్రకారం చక్కగా పేర్చుకున్నాననుకుంది. మాస్టారు ఆ పన్నెండు శాతం కాగితం కళ్ల దగ్గర పెట్టుకుని చదివి, “ఇది ఫ్లాట్ వడ్డీ తల్లీ” అన్నారు. ఏడాది గడువుకు లక్ష తీసుకుంటే పన్నెండు వేలు వడ్డీ కలిపి, మొత్తాన్ని పన్నెండు భాగాలు చేస్తారు. నెలకు 9,333. కానీ మొదటి వాయిదా కట్టిన మర్నాటి నుంచే ఆమె దగ్గర లక్ష లేదు. చివరి నెలకు మిగిలేది ఒక్క వాయిదా పాటి డబ్బే, వడ్డీ మాత్రం మొదటి నుంచి చివరిదాకా పూర్తి లక్ష మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి సుమారు ఇరవై ఒకటిన్నర శాతం అవుతుంది. అంటే పదహారు శాతం రుణం కంటే ఇదే ఖరీదు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా రబ్బరు తీసుకుని రెండు వరసలూ చెరిపింది. ఎంత గట్టిగా చెరిపిందంటే కాగితం చిరిగింది. కొత్త ఫారం ఇచ్చాం.

కార్డుకు ‘కనీస మొత్తం’ కడుతున్నాం కదా అని ధీమాగా ఉన్నవాళ్లకు కూడా మాస్టారు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. లక్ష బాకీ, నెలకు మూడు శాతం వడ్డీ, కనీసంగా బాకీలో అయిదు శాతం కట్టడం, కొత్తగా ఏమీ కొనకపోవడం. ఏడాది తిరిగేసరికి చేతి నుంచి పోయింది సుమారు యాభై అయిదు వేలు, బాకీ తగ్గింది సుమారు ఇరవై మూడు వేలు. వెనక వరసలో ఎవరో “మళ్లీ వేయండి సార్” అన్నారు. మళ్లీ వేశారు, అదే వచ్చింది.

ఏ అప్పు ముందు తీర్చాలన్న దాని మీద కూడా ఒక మాట. లెక్క ప్రకారమైతే ఎక్కువ వడ్డీదే ముందు, అలా చేస్తేనే మొత్తం ఖర్చు తక్కువ. అయితే 2012లో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు రుణాల పరిష్కారం చేసే ఒక సంస్థ ఖాతాదారుల వివరాలు చూసి, చిన్నవైనా సరే కొన్ని ఖాతాలను పూర్తిగా మూసేసినవాళ్లు మొత్తం అప్పు నుంచి బయటపడే అవకాశం ఎక్కువగా కనిపించిందని తేల్చారు. పైన చెప్పిన సభ్యురాలికి అయిదు అప్పుల్లో ఒకటి చుట్టాలావిడ ఇచ్చిన చేబదులు. వడ్డీ లేదు, పెద్ద మొత్తమూ కాదు. లెక్క ప్రకారం అది చివర్లో ఉండాలి. “ఆవిడ ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోతున్నానండీ” అంది. అది ముందు తీర్చెయ్యమని చెప్పాం. రెండు నెలల్లో తీరింది. దానికి కట్టే డబ్బు మూడో నెల నుంచి అలాగే కార్డు మీదికి మళ్లింది. ఈ మళ్లించడమే ముఖ్యం. ఒక వాయిదా తీరగానే ఆ డబ్బుకు ఇంట్లో వంద అవసరాలు పుట్టుకొస్తాయి.

అదనంగా కట్టేటప్పుడు దాన్ని అసలుకు జమ చేయమని రాసి ఇవ్వండి. లేకపోతే వచ్చే నెల వాయిదా ముందుగా కట్టినట్టు రాసుకునే చోట్లున్నాయి. గడువుకు ముందే మూసేస్తే రుసుము ఉందో లేదో కాగితంలో చూడండి. తీరాక, ఇక బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోకుండా మెట్లు దిగొద్దు.

ఆపద అంటే ఏమిటన్నది వేరే రగడ. స్కూలు ఫీజు ఆపదే అని కొందరు, ఇన్సూరెన్స్ ప్రీమియం ఆపదే అని కొందరు. ఏడాదికోసారి వస్తుందని తెలిసిన ఖర్చు ఆపద ఎలా అవుతుంది? దాన్ని పన్నెండుతో భాగించి వేరే డబ్బాలో వేసుకోవాలి. ఉద్యోగం పోవడం, జబ్బు, సంపాదనకు ఆధారమైన వస్తువు పాడవడం, వీటికే ఆపద సొమ్ము. అది రోజువారీ ఖాతాలో ఉండకూడదు, కానీ కావాలంటే ఒకటి రెండు రోజుల్లో చేతికి రావాలి. షేర్లలో పెడతామన్న కుర్రాళ్లకు 2008, 2020 గుర్తు చేశాం. మార్కెట్ పడిందీ అప్పుడే, ఉద్యోగాలు పోయిందీ అప్పుడే. కార్డు లిమిట్టే నా ఆపద సొమ్ము అన్నవారికీ అదే జవాబు. 2020లో ఆదాయాలు ఆగిన నెలల్లోనే చాలా బ్యాంకులు లిమిట్లు కోసేశాయి.

ఒక సభ్యుడు ఏడు నెలలు కూడబెట్టింది ఆసుపత్రికి ఖర్చయిపోయిందని తల వంచుకుని చెప్పాడు. కొత్త అప్పు చేయాల్సి వచ్చిందా అని అడిగాం. లేదన్నాడు. మరి తల ఎందుకు వంచాలని కోశాధికారి గారు కసిరారు. ఆయన అలా మాట్లాడటం అరుదు కాబట్టి నివేదికలో రాస్తున్నాను.

ఇప్పుడు కొంచెం చేదు. గడువుకు ముందే రుణం మూసే నిబంధనలు వివరించడానికి ఒక బ్యాంకు అధికారిని పిలిచాం. మూడుసార్లు వస్తానన్నారు, మూడుసార్లూ రాలేదు. రెండోసారైతే వేదిక మీద కుర్చీ, బల్ల మీద మంచినీళ్ల సీసా, వాకిట్లో అధ్యక్షుల వారు ఎదురుచూపు. చివరికి ఆ నిబంధనలు మేమే కళ్లద్దాలు మార్చుకుంటూ చదివి చెప్పాం. అధికారుల సంగతి అలా ఉంచితే, నెలకోసారి సభ్యులకు ఫోన్ చేసి ఈ నెల వేశారా, కట్టారా అని అడిగే పనికి పన్నెండు మంది పేర్లిచ్చారు. నాలుగో నెలకు మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరూ కార్యవర్గంలోని వాళ్లే, అందులో ఒకణ్ణి నేను. మిగతా పది మంది వాట్సాప్‌లో బొటనవేలు చూపిస్తూనే ఉన్నారు. దాన్ని హాజరుగా లెక్కవేయడం కుదరదు.

మొత్తం ఎంత అప్పు తీరిందో చెప్పమని కొందరు అడుగుతున్నారు. చెప్పలేను. ఫారాలు మేం తీసుకోలేదు, ఎవరివి వాళ్లే ఇంటికి పట్టుకెళ్లారు. అలా అయితేనే వస్తామన్నారు, అలాగే చేశాం.

జమాఖర్చులు విడి కాగితంలో ఉన్నాయి, తనిఖీ సంతకం అయింది. సంఘం కూడా మూడు నెలల నిర్వహణ ఖర్చును వేరే ఖాతాలో ఉంచింది. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారి జాబితా కోశాధికారి గారి దగ్గర ఉంది. అది చదవాలా వద్దా అన్నది సభే తేల్చాలి. చదవమంటే చదవడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు.

వచ్చే ఏడాది లెక్కల ఆదివారం రెండుసార్లు జరపాలని కార్యవర్గం అనుకుంటోంది. దానికి బల్లకొకరు చొప్పున లెక్క తెలిసినవాళ్లు కావాలి. మాస్టారు ఒక్కరే అన్ని బల్లల మధ్యా తిరగలేరు, ఆయన మోకాళ్ల సంగతి మీకు తెలుసు. వచ్చేవాళ్లు సభ ముగిశాక నా దగ్గర పేరుతో పాటు సంతకం కూడా పెట్టండి. సభ్యులు ఈసారి రుణ ఒప్పందాల కాగితాలు ముందే తీసిపెట్టుకుని, మూడో గడి ఇంట్లోనే నింపుకు రావాలి. పెన్సిళ్లు, రబ్బర్లు సంఘం ఇస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి