రెండో బూటు విప్పకముందే పడుకున్నావు

ఏమే గోడా,

ముందు నన్ను కడుపునిండా తిట్టుకో, తర్వాత చదువు. ఆగస్టులో రాస్తానన్న ఉత్తరం డిసెంబరులో రాస్తున్నాను. రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ సగంలోనే ఆగిపోయింది. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాలు నయం. నా ఉద్యోగం ఎప్పటిలాగే. విశేషాలు అయిపోయాయి, ఇక అసలు సంగతి.

ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో దక్షిణ అమెరికా కప్పు, అదే కోపా అమెరికా, బ్రెజిల్-కొలంబియా ఫైనల్ గురించి "ఆ ఫైనల్ హైలైట్స్ నేను చూడను, నువ్వు రాస్తేనే చదువుతాను" అన్నావు కదా. 88వ నిమిషంలో కొలంబియా మూడో గోల్ కొట్టగానే, బ్రెజిల్ మార్తా మీద బెంగతో "ఇక చాలు, మార్తా ఏడుస్తుంటే చూడలేను" అని మెసేజ్ పెట్టి ఫోన్ ఆపేశావు. కథ అయిపోలేదు, రెండో బూటు ఇంకా విప్పలేదే అని నేను టైప్ చేసేసరికే నువ్వు లేవు! అంత కోపం నీ మీద నాకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు లేదులే.

ఆ వారం ఏమిటో గుర్తుంది కదా. 2025 జులై 26న రబాత్‌లో ఆఫ్రికా కప్ ఫైనల్. మొరాకో సొంత గడ్డ మీద 2-0తో ముందుంటే, నైజీరియా రెండో సగంలో మూడు గోల్స్ కొట్టి పదోసారి కప్పు ఎత్తుకుపోయింది. మర్నాడే బాసెల్‌లో యూరో ఫైనల్. స్పెయిన్ ముందు గోల్ కొట్టింది, ఇంగ్లండ్ సమం చేసి పెనాల్టీల్లో గెలిచింది. వారం తిరక్కుండానే ఆగస్టు 2న ఈక్వడార్ రాజధాని కీటోలో ఇది. మూడు ఖండాల్లో మూడు ఫైనల్స్, మూడింటిలోనూ వెనకబడ్డవాళ్ళే గెలిచారు. అందుకే నీకు నిద్ర ఎలా పట్టిందో ఇప్పటికీ అర్థం కాదు.

సరే, నువ్వు పడుకున్నాక.

మార్తా 82వ నిమిషంలో దిగింది, అంతవరకు నువ్వూ చూశావు. 39 ఏళ్ళు. అంతకు ముందు సంవత్సరం పారిస్ ఒలింపిక్స్‌లో వెండి పతకంతో జాతీయ జట్టుకి సెలవు చెప్పేసిన మనిషి, మళ్ళీ వచ్చింది. పైగా కీటో! సముద్రమట్టానికి 2,800 మీటర్ల పైన. అక్కడ మెట్లెక్కితేనే ఆయాసం వస్తుందంటారు. ఇరవయ్యేళ్ళ పిల్లలే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతున్నారు.

90 నిమిషాలయ్యాక రిఫరీ కలిపిన సమయంలో ఆరో నిమిషం. కొలంబియా 3-2తో ముందుంది. కొలంబియా బెంచి మీద అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కసారి కూడా గెలవని కప్పు, 2022 ఫైనల్లో ఇదే బ్రెజిల్ చేతిలో 1-0తో పోగొట్టుకున్న కప్పు, చేతికి అందబోతోంది. అప్పుడు బాక్స్ బయట బంతి మార్తా కాళ్ళ దగ్గరికి వచ్చింది. కొట్టింది. అంతే. నాకు కనిపించింది వల కదలడమే. నేను అరిచిన అరుపుకి పక్కగదిలో అమ్మ లేచి "ఎవరికేమైందే?" అని పరిగెత్తుకొచ్చింది. ఏం చెప్పను? "మార్తా" అన్నాను. అమ్మ కూడా కూర్చుంది. ఆఖరిదాకా లేవలేదు.

ఎక్స్‌ట్రా టైమ్ మొదటి భాగం ముగుస్తుండగా, 105వ నిమిషంలో, మళ్ళీ ఆవిడే. 4-3! మ్యాచ్ మొత్తంలో బ్రెజిల్ ముందుకు రావడం అదే మొదటిసారి. ఇక అయిపోయిందనుకున్నాను. 115లో కొలంబియా లైసీ శాంటోస్ ఫ్రీ కిక్ కొట్టింది చూడు... గోడ కట్టినవాళ్ళు గోడలాగే నిలబడ్డారు, బంతి లోపల. 4-4. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఇక్కడ నీకు ఒక మాట చెప్పాలి. మార్తా కోసం ఎంత తపించానో, కొలంబియా పిల్లల్ని చూస్తే అంత గుండె పిండేసింది. లిండా కైసెడో ఉంది కదా, మొదటి గోల్ కొట్టిన పిల్ల. 15 ఏళ్ళకే కేన్సర్‌కి ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి, 20 ఏళ్ళకి ఒక ఖండం ఫైనల్లో గోల్ కొట్టింది. ఇద్దరిలో ఒకరు ఏడవక తప్పదు. అదేం ఆటే బాబూ... సరే, దాని గురించి వేరే రాస్తాను.

షూటౌట్, అంటే పెనాల్టీలతో తేల్చడం. ఇది నీ కోసం వివరంగా. అయిదో కిక్‌కి మార్తా వచ్చింది. కొడితే కప్పు. కొలంబియా గోల్‌కీపర్ టాపియా ఆపేసింది! మార్తా ముఖం చూడలేకపోయాను. నువ్వు మేలుకుని ఉంటే అక్కడ ఫోన్ ఆపేసినా ఏమీ అనేదాన్ని కాదు. ఈ మనిషి 39 ఏళ్ళకి వచ్చి మ్యాచ్‌ని రెండుసార్లు నిలబెట్టి, చివరికి ఈ ఒక్క తన్నుతో గుర్తుండిపోతుందా అని కన్నీళ్ళు ఆగలేదు.

అప్పుడే బ్రెజిల్ గోల్‌కీపర్ లొరేనా. ఆ లొరేనాయే! 69లో తన జట్టు టార్సియాని వెనక్కి ఇచ్చిన పాస్ ఆవిడని దాటి సొంత గోల్లో పడితే నువ్వు "పాపం, ఇక రాత్రంతా నిద్రపోదు" అన్నావు. గోల్‌కీపర్ బాధ గోల్‌కీపర్‌కే తెలుస్తుంది. ఆ లొరేనా చివరికి కొలంబియా కరబాలీ కిక్‌ని ఆపేసింది. 5-4. ఇప్పటిదాకా జరిగిన పదింటిలో తొమ్మిదో కప్పు బ్రెజిల్‌ది. నాకు ఆ క్షణంలో మార్తా కన్నా ముందు నువ్వే గుర్తొచ్చావు. ఆ జిల్లా మ్యాచ్, ఆ వాన, నీ చేతుల్లోంచి జారిన బంతి. ఆ రోజు తర్వాత నువ్వు గ్లవ్స్ ముట్టుకోలేదు. నీకు మళ్ళీ ఒక కిక్ వచ్చి ఉంటే ఆపేసేదానివి. నాకు తెలుసు. మనకి ఆ రెండో అవకాశం రాలేదు, అంతే.

ఇంగ్లండ్ గోల్‌కీపర్ హానా హాంప్టన్ సంగతి కూడా నీకోసమే దాచాను. కంటి లోపం వల్ల దూరం అంచనా కట్టలేదు, ఫుట్‌బాల్ వద్దని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పారట. స్వీడన్ మీద ముక్కులోంచి రక్తం కారుతుంటే దూది పెట్టుకుని ఆడింది. యూరో ఫైనల్లో స్పెయిన్ వాళ్ళు మరియోనాదీ, బొన్మతీదీ రెండు పెనాల్టీలు ఆపింది. బొన్మతీది! ప్రపంచంలోనే మేటి అని ఈ ఏడాది మూడోసారి వరసగా బాలన్ డోర్ అందుకున్న మనిషి. ఆ అమ్మాయి యూరో ముందు మెనింజైటిస్‌తో ఆసుపత్రిలో ఉండి, సెమీస్‌లో 113వ నిమిషంలో జర్మనీ మీద గోల్ కొట్టింది. ఈ ఏడాది ఎవరి కథ చూసినా ఇలాగే ఉంది.

మన ఇండియా అమ్మాయిల గురించి రాయకుండా ఎలా? జులై 5, చియాంగ్ మై. థాయ్‌లాండ్‌ని వాళ్ళ ఊళ్ళోనే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి వెళ్ళారు. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి వెళ్ళడం ఇదే మొదటిసారి. రెండు గోల్సూ సంగీతా బాస్‌ఫోర్‌వే. రెండోది 74వ నిమిషంలో. ఆ తర్వాత మిగిలిన సమయమంతా నేను నిలబడే చూశాను.

మార్చి 4న పెర్త్‌లో వియత్నాంతో మొదటి మ్యాచ్. జపాన్, చైనీస్ తైపీ కూడా మన గ్రూపులోనే. జపాన్ అంటే కష్టమే, కానీ వియత్నాం మీద... ఉండు, కిందనుంచి హారన్ కొడుతున్నారు, ఆఫీసు బస్సు. ఇంకో రెండు పేజీలు ఉంది చెప్పాల్సింది. మార్చి 4న మా ఇంటికి వచ్చెయ్, కలిసి చూద్దాం. ఫోన్ నా దగ్గర పెట్టుకుంటాను. వచ్చేటప్పుడు ఆ పాత గ్లవ్స్ కూడా

మళ్ళీ హారన్. వెళ్తున్నానే.

నీ
లెఫ్ట్ బ్యాక్