పన్ను రాబడి ఎంత పెరిగిందన్నదే కాదు, ఎలా పెరిగిందో చెప్పాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఆర్థిక సంవత్సరం ముగియగానే రాష్ట్ర ప్రభుత్వాలు రాబడి లెక్క చెబుతాయి. కిందటేటి కంటే పన్నులు ఇంత శాతం ఎక్కువ వసూలయ్యాయని మంత్రులు ప్రకటిస్తారు, పత్రికలు దాన్నే శీర్షికకు ఎక్కిస్తాయి. ఆ ఒక్క అంకె వల్ల పౌరులకు తెలిసేది చాలా తక్కువ. ఏ పద్దు కింద ఎంత పెరిగింది, ఎందుకు పెరిగింది అన్నది కూడా అదే ప్రకటనలో చెప్పి తీరాలి.

అసలు ఏ ఏడాదితో పోలుస్తున్నారు? 100 రూపాయలు వచ్చే చోట ఒక ఏడాది 90 వచ్చి, మరుసటి ఏడాది 108 వస్తే వృద్ధి 20 శాతం అంటారు. రెండేళ్లకు కలిపి చూస్తే పెరిగింది 8 రూపాయలే. ఈలోగా ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరిగి ఉంటే, మునుపు 100 రూపాయలతో జరిగిన పని ఇప్పుడు 108తో కూడా జరగదు. కరోనా దెబ్బతిన్న 2020-21తో పోల్చి 2021-22 వృద్ధిని చెప్పుకున్నప్పుడు ఈ సంగతి ఎందరికి గుర్తుందో!

రాష్ట్రాల సొంత పన్నుల్లో ముఖ్యమైనవి జీఎస్టీలో రాష్ట్ర భాగం, పెట్రోలు, డీజిల్‌పై వ్యాట్, మద్యంపై ఎక్సైజ్, స్టాంపులు, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. అన్నింటి పెరుగుదలకూ ఒకే అర్థం లేదు. వ్యాపారాలు విస్తరించి జీఎస్టీ పెరిగితే సంతోషించాలి. మద్యం అమ్మకాలు పెరిగి ఎక్సైజ్ పెరిగితే ఆ సొమ్ములో ఎన్ని కుటుంబాల పస్తులున్నాయో ఆలోచించాలి. వ్యాట్‌ను శాతంగా వేసే చోట పెట్రోలు ధర పెరిగితే చాలు, రాబడి దానంతటదే పెరుగుతుంది.

రిజిస్ట్రేషన్లనే చూడండి. రిజిస్ట్రేషన్ ఖర్చుకు ఆధారంగా ప్రభుత్వం నిర్ణయించే భూముల మార్కెట్ విలువలు ఫలానా తేదీ నుంచి పెంచుతారని తెలియగానే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల ముందు జనం బారులు తీరుతారు. సర్వర్ మొరాయిస్తుంది, చీకటి పడినా దస్తావేజుల పని తెమలదు. ఆ నెల రాబడి ఎగబాకి, తర్వాతి నెలలో పడిపోతుంది. పెంపు ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తే, వచ్చే ఏడాది రావలసిన సొమ్ము మార్చిలోనే వచ్చి ఈ ఏడాది వృద్ధిగా లెక్కకెక్కుతుంది.

జీఎస్టీ వచ్చిన 2017 జులై నుంచి ఐదేళ్ల పాటు రాష్ట్రాల రాబడి ఏటా 14 శాతం చొప్పున పెరగకపోతే ఆ లోటుకు పరిహారం ఇస్తామన్న హామీ ఉండేది. అది 2022 జూన్‌తో ముగిసింది. కేంద్రం వేసే సెస్సులు, సర్‌ఛార్జీల్లో రాష్ట్రాలకు వాటా లేదు. జీతాలకైనా, పింఛన్లకైనా, ఆస్పత్రులకైనా సొంత రాబడే పెద్ద ఆధారమైనప్పుడు అది నిలకడగా వచ్చేదో కాదో తెలియకుండా కొత్త పథకాలకు మాట ఇవ్వడం అప్పులకే దారి తీస్తుంది.

పద్దుల వారీ లెక్కలు ప్రభుత్వాల దగ్గర ఉన్నవే. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నెలనెలా వెలువరించే, ఇంకా ఆడిట్ కాని లెక్కల్లోనూ అవి ఉంటాయి. వాటిని సామాన్యుడు వెతుక్కోవాల్సిన అవసరం ఎందుకు రావాలి? బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవంగా వచ్చినది, ఆ ఏడాది పెంచిన పన్ను రేట్లు ఒకే పట్టికలో పెట్టి ప్రకటించాలి. రాబడి పెరిగిందని శీర్షిక పెట్టిన రోజున లోపలి పేజీలోనైనా ఆ పట్టికను ప్రచురించాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు