మగ పిల్లికి మూత్రం రాకపోతే మజ్జిగ పట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పెంపుడు పిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుంటోందని ఎవరైనా అంటే, మన దగ్గర వచ్చే మొదటి సలహా ‘వేడి చేసి ఉంటుంది, కాస్త మజ్జిగ పట్టండి’ అనే. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, ధనియాల కషాయం ఆ తర్వాత వరసలో వస్తాయి. విరేచనం కావడం లేదేమో అనుకుని ఆముదం పోసేవాళ్లూ ఉన్నారు. చిత్రమేమిటంటే, చాలా పిల్లులకు వీటిలో ఏది పట్టినా వారం తిరక్కుండా తగ్గిపోతుంది. ఏమీ పట్టకపోయినా తగ్గేదే. ఆ సంగతి తెలియక చిట్కాకు పేరొస్తుంది. అదే చిట్కా పక్కింటి మగ పిల్లికి చేరుతుంది. అది మూడో రోజు చచ్చిపోతుంది.

ఈ రెండు పిల్లుల బాధా పైకి ఒకేలా కనిపిస్తుంది, లోపల జరిగేది వేరు. ముందుగా తగ్గిపోయే పిల్లి సంగతి. మూత్రంలో నెత్తురు పడుతుంది, తెల్ల టైల్స్ మీద గులాబీ రంగు మరకలు కనపడతాయి, ఇసుక పోసి పెట్టిన ట్రే వదిలేసి స్నానాల గదిలోనో సింకులోనో చుక్కలు చుక్కలుగా పోస్తుంది. పరీక్ష చేయిస్తే సూక్ష్మజీవి దొరకదు, రాయి దొరకదు, గడ్డ దొరకదు. మూత్రాశయం గోడ మాత్రం వాచి ఉంటుంది. దీన్నే వైద్యులు ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు, అంటే కారణం తెలియని మూత్రాశయ వాపు. పదేళ్ల లోపు పిల్లులు మూత్రం ఇబ్బందితో ఆసుపత్రికి వస్తే సగానికి పైగా ఈ లెక్కలోకే వస్తాయి. రాళ్లున్నవి తక్కువ, బాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నవి మరీ తక్కువ. పదేళ్లు దాటాక లెక్క మారుతుంది. కిడ్నీలు బలహీనపడి మూత్రం పలచబడుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి దొరుకుతుంది. కాబట్టి రెండేళ్ల పిల్లికి కల్చర్ పరీక్ష (మూత్రంలో సూక్ష్మజీవి పెరుగుతుందో లేదో చూసేది) లేకుండా యాంటీబయోటిక్ కోర్సు వాడి ‘అయిదో రోజుకు తగ్గింది’ అని సంబరపడటం, మజ్జిగ పట్టి తగ్గిందనుకోవడం దాదాపు ఒకటే.

కారణం దొరకనంత మాత్రాన చేయడానికి ఏమీ లేదని కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఇది ఒక్క మూత్రాశయానికి సంబంధించింది కాదని, బెదురు, ఒత్తిడి తగిలినప్పుడు కొన్ని పిల్లుల నరాల వ్యవస్థ అతిగా స్పందించి మూత్రాశయాన్ని మండిస్తుందని ఆయన వాదన. 2011లో దీనికి పండోరా సిండ్రోమ్ అని పేరు పెట్టారు. మన ఇళ్లలో ఆ బెదురు పుట్టించేవాటికి కొదవ లేదు. పండక్కి ముందు సున్నాలు వేయడం, బీరువాలు జరపడం, చవితి పందిరి మైకు, దీపావళి టపాసులు, పెళ్లికి దిగిన చుట్టాలు, కొత్తగా తెచ్చిన రెండో పిల్లి. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది, బాల్కనీ గోడ మీద కూర్చుని లోపలికి తొంగిచూసే వీధి గండుపిల్లి. మనకు అది కనపడకపోవచ్చు, ఇంట్లో పిల్లికి రాత్రంతా అదే లోకం. అద్దానికి కింది సగం పాత కేలెండర్ కాగితం అంటించినా చాలు.

ఇక ప్రాణం తీసే రెండోది. మగ పిల్లి మూత్రనాళం పొడవుగా ఉండి చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. వాచిన మూత్రాశయం నుంచి ఊడివచ్చే జిగురు, చచ్చిన కణాలు, వాటిలో ఇరుక్కున్న స్ఫటికాలు కలిసి ముద్దకట్టి అక్కడ అడ్డం పడతాయి. ఒక్కోసారి చిన్న రాయి పడుతుంది. ఒక్కోసారి ఏమీ ఉండదు, నొప్పికి నాళమే బిగుసుకుపోతుంది. అంటే పై పేరాలో చెప్పిన జబ్బే మగ పిల్లిలో ఇలా ముదరవచ్చు. దారి పూర్తిగా మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె కొట్టుకునే వేగం పడిపోతుంది. వాంతులు, మూలకు చేరి కదలకుండా పడుకోవడం, చెవులు పాదాలు చల్లబడటం అప్పటికే ఆలస్యమైందని చెప్పే గుర్తులు. ఆడ పిల్లి నాళం వెడల్పు కాబట్టి ఇంతదాకా రావడం అరుదు.

మలబద్ధకమో, మూత్రబంధమో ఇంట్లోనే ఎలా పోల్చుకోవాలి? కూర్చునే తీరు చూసి చెప్పడం కష్టం, రెండింటికీ ముక్కుతుంది. ట్రేలో ఇసుక చూడాలి. ఉండకట్టే రకం ఇసుక వాడే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లికి రోజుకు రెండు నుంచి నాలుగు ఉండలు రావడం మామూలు. పది సార్లు ట్రేలోకి వెళ్లి వచ్చినా ఒక్క ఉండా కట్టకపోతే, లేదా బఠాణీ గింజంతవి రెండు మూడు మాత్రమే ఉంటే అది మూత్రం సమస్యే. ట్రేలో కూర్చుని అరవడం, కాళ్ల మధ్య అదే పనిగా నాకుకోవడం తోడు గుర్తులు. వెనక కాళ్లకు కాస్త ముందు పొట్ట అడుగున బత్తాయి కాయంత గట్టి ఉండ చేతికి తగలవచ్చు. తగిలితే నొక్కి మూత్రం రప్పించాలని చూడకూడదు, సాగిపోయిన మూత్రాశయం పగలవచ్చు. మగ పిల్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే అర్ధరాత్రి అయినా తెల్లారేదాకా ఆగే వ్యవహారం కాదు.

ఆసుపత్రిలో ఏం చేస్తారో ముందే తెలిస్తే యజమాని తటపటాయించడు. రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు, గుండె లయ చూస్తారు, సెలైన్ పెడతారు, మత్తు ఇచ్చి సన్నటి కాథెటర్‌తో అడ్డాన్ని వెనక్కి నెట్టి దారి చేస్తారు. ఆ గొట్టాన్ని మామూలుగా ఒకటి రెండు రోజులు అలాగే ఉంచుతారు. దారి తెరుచుకున్నాక కిడ్నీలు ఒక్కసారిగా విపరీతంగా మూత్రం వదులుతాయి, ఆ నీరు సెలైన్‌తో భర్తీ చేయకపోతే పిల్లి మళ్లీ కూలబడుతుంది. అందుకే ‘మూత్రం వచ్చేసిందిగా’ అని వెంటనే ఇంటికి తెచ్చేసుకోవడం తప్పు. ఇంటికొచ్చిన మొదటి వారంలో మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. పదే పదే మూసుకుపోయే పిల్లికి నాళం చివరి సన్న భాగం తీసేసి వెడల్పు దారి చేసే ఆపరేషన్ ఉంది. అది అడ్డాన్ని తప్పిస్తుంది, వాపును తగ్గించదు.

మందుల షాపులో కొని వేసేవాటి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. నొప్పికి పారాసిటమాల్ వేస్తారు. దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు లేదు. నాలుగు కిలోల పిల్లిని ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చంపగలదు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరగడం, మొహం, పాదాలు వాయడం దాని లక్షణాలు. పొరపాటున వేసి ఉంటే దాచకుండా వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత తొందరగా పడితే అంత మేలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కిడ్నీలను దెబ్బతీస్తాయి, అందులోనూ మూత్రం నిలిచిన పిల్లికి. మూత్రం జారీ చేసే మాత్ర మూసుకుపోయిన పిల్లికి వేస్తే నిండిన మూత్రాశయంలోకి ఇంకా మూత్రం తోలినట్టే. మూత్రం మంటకు మనుషులు తాగే సిట్రేట్ సిరప్ మూత్రాన్ని క్షార గుణానికి తిప్పుతుంది. పిల్లుల్లో తరచూ కనపడే స్ట్రువైట్ స్ఫటికాలు పెరిగేది సరిగ్గా అలాంటి మూత్రంలోనే.

పరీక్షల దగ్గర కూడా చిన్న మెలిక ఉంది. ఇంట్లో మూత్రం పట్టాలంటే ట్రేను వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, ఇసుక వేయకుండా, లేదా పీల్చుకోని ప్లాస్టిక్ పూసలు వేసి ఉంచాలి. పోయగానే సూది లేని సిరంజీతో లాగి గంటలోపు లాబ్‌కు ఇవ్వాలి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఇస్తే, చల్లబడినందుకే సీసాలో స్ఫటికాలు పుడతాయి. రిపోర్టులో ‘క్రిస్టల్స్’ అని చూసి యజమాని కంగారు పడతాడు, పిల్లి ఒంట్లో అవి లేకపోవచ్చు. కల్చర్‌కు మాత్రం ట్రే మూత్రం పనికిరాదు, వైద్యుడు పొట్ట మీద నుంచి సూదితో తీసిందే కావాలి. ఎక్స్‌రే తీయిస్తే మూత్రాశయం ఒక్కటే కాకుండా నాళం చివరిదాకా ఫిల్ములోకి రావాలని అడగండి, రాళ్లు దాక్కునేది అక్కడే. స్ట్రువైట్ రాయి ప్రత్యేక ఆహారంతో సాధారణంగా కొన్ని వారాల్లో కరుగుతుంది. కాల్షియం ఆక్సలేట్ రాయి కరగదు, తీయించాలి. రాయి ఏ రకమో తెలియకుండా ఫుడ్ సంచీ కొనడం డబ్బు దండగ.

ఏమీ తేలని పిల్లికి ఇంట్లో చేయగలిగినవాటిలో అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది నీరు. నాలుగు కిలోల పిల్లికి తిండిలోదీ గిన్నెలోదీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. పొడి గుళికల్లో నీరు పదో వంతు కూడా ఉండదు, 60 గ్రాములు తింటే వచ్చేది ఆరు మిల్లీలీటర్ల లోపే. 85 గ్రాముల తడి ఆహారం పొట్లంలో 65 మిల్లీలీటర్ల పైనే ఉంటుంది. పొట్లాలు ఖరీదనుకుంటే గుళికలనే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పెట్టవచ్చు, లేదా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలని కోడిమాంసం ఉడికించిన నీళ్లు కలపవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. మార్పు వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా జరగాలి. అలవాటు లేని తిండి ఒక్కసారి పెడితే పిల్లి మానేస్తుంది, బొద్దు పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి కొత్త జబ్బు మొదలవుతుంది. పెరుగన్నం మీదే పిల్లిని పెంచే ఇళ్లకు ఒక మాట: అందులో నీరుంది గానీ పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం దాదాపు లేదు, అది లేకపోతే పిల్లి కళ్లూ గుండే పాడవుతాయి.

ట్రేలు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి, అన్నీ ఒకే మూల కాకుండా వేర్వేరు చోట్ల. వాసన లేని ఇసుక, మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల మందం, రోజుకు రెండుసార్లు ఎత్తడం. వాషింగ్ మెషీన్ పక్కన, కుక్కర్ కూత వినపడే చోట పెట్టకండి. ట్రేను ఫినాయిల్‌తో కడిగే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. పిల్లి ఆ పాదాలనే నాకుతుంది, ఫినాల్ పిల్లికి విషం. సబ్బు, వేడినీళ్లు చాలు. వాసనకని మూలల్లో వేసే కలరా ఉండలూ అంతే.

ఒక కేలెండర్ మీద రోజూ మూడు సంగతులు రాయండి: ఎన్ని ఉండలు, ఎంత తిండి, ఏ రోజున ఇంట్లో హడావిడి. వారానికోసారి బరువు. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గినట్టు. ట్రేలో ముక్కుతున్నప్పుడు ఫోన్‌తో అర నిమిషం వీడియో తీసి పెట్టుకోండి, ఆసుపత్రి బల్ల మీద పిల్లి అలా కూర్చోదు.

చివరగా రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలకు ఒక విన్నపం. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడి పశువుల కోసం నడుస్తున్నాయి, దాన్ని తప్పుపట్టడం లేదు. అయితే ప్రతి జిల్లా కేంద్రంలోని పశువైద్యశాలలో మగ పిల్లి నాళానికి పట్టే 3.5 ఫ్రెంచ్ సైజు (ఫ్రెంచ్ అంటే గొట్టం మందం కొలత) కాథెటర్లు నాలుగు, పొటాషియం అక్కడికక్కడే చూసే ఏర్పాటు, రాత్రిపూట పిలిస్తే వచ్చే ఒక వైద్యుడి పేరు గేటు మీద ఉండేలా చూడాలి. మందుల షాపుల వాళ్లు పిల్లికని చెప్పి అడిగినవారికి పారాసిటమాల్ ఇవ్వకుండా ఔషధ నియంత్రణ అధికారులు ఒక సర్క్యులర్ పంపితే ఖర్చు ఏమీ లేదు.

– ఒక విశ్రాంత పశువైద్యుడు, ఏలూరు