మాత్ర ఎందుకు మానేశారో ముందు అడుగుదాం

సంపాదక మహాశయా,

స్కిజోఫ్రీనియా వంటి తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న మనిషి మందులు మానేశాడని తెలియగానే ఇంట్లోవాళ్లకు ముందు వచ్చేది కోపం. రెండేళ్లపాటు నాకూ అదే వచ్చింది. ఒకరోజు ఉతకడానికి మా తమ్ముడి దిండు గలీబు విప్పితే పదిహేడు మాత్రలు రాలాయి. కొన్ని నాలుక కింద దాచి ఉమ్మినవి కావడంతో సగం కరిగి గుడ్డకు అంటుకుపోయాయి. నేను అరిచాను. వాడు తల వంచుకుని, "అక్కా, అవి వేసుకుంటే కాళ్లు ఒకచోట నిలవవు, రాత్రంతా గదిలో తిరుగుతూనే ఉంటాను" అన్నాడు. ఆ మాట డాక్టరుగారికి చెబితే, అది మందు వల్ల కలిగే అస్థిమితమేనని గుర్తించి, డోసు తగ్గించి, చివరకు మందే మార్చారు. అంతకాలం మేము దాన్ని మొండితనం అనుకున్నాం.

మందు మానిన మర్నాడే జబ్బు తిరగబెట్టదు. వారాలు, ఒక్కోసారి నెలలు బాగానే గడుస్తాయి కాబట్టి, మానినందువల్లే తేలికగా ఉందని రోగి నమ్ముతాడు. తనకు జబ్బుందన్న ఎరుక లేకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి కావడంతో ఆ నమ్మకం మరింత గట్టిపడుతుంది. అనేక పరిశోధనలను కలిపి 2012లో చేసిన ఒక విశ్లేషణలో, ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టినవారు మందు కొనసాగించినవారిలో 27 శాతం కాగా, మందు లేనివారిలో 64 శాతం. క్రమం తప్పకుండా వేసుకున్నా కొందరికి తిరగబెడుతుందని కూడా ఈ లెక్కే చెబుతోంది కనుక, జబ్బు ముదిరిన ప్రతిసారీ "మాత్రలు ఎగ్గొట్టావు" అని నిందించడం అన్యాయం.

తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం మరీ ప్రమాదం. తనకు ఎవరో విషం పెడుతున్నారని భయపడే మనిషికి ఆ సంగతి తెలిసిననాడు, ఆ భయాన్ని మన చేతులతో మనమే నిజం చేసినట్లవుతుంది. రోజూ మాత్ర వేసుకోవడం కష్టమైనవారికి రెండు వారాలకో, నెలకో, కొన్నిరకాలైతే మూడు నెలలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. దాన్ని శిక్షలా కాక, రోజూ జరిగే గొడవను తప్పించే మార్గంగా రోగి ముందుంచి, అతని ఇష్టం అడగాలి. ఈ జబ్బుకే ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవారు 48 గంటలకు మించి మానితే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, వెంటనే డాక్టరును అడగాలి. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

మానసిక వైద్యులకు నాదొక విన్నపం. "మందులు వేసుకుంటున్నాడా?" అని మమ్మల్ని అడిగి చీటీ రాసి పంపకండి. మత్తు, బరువు పెరగడం, చేతుల వణుకు, అక్క ఎదుట చెప్పుకోలేని లైంగిక ఇబ్బందులు, వీటిని ఒక్కొక్కటిగా పేరుపెట్టి రోగినే అడగండి. మమ్మల్ని కాసేపు బయట కూర్చోమన్నా ఫరవాలేదు.

– ఒక పాఠకురాలు