పెట్టె చేసే ఎండ

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో ఎండకు కొదవ లేదంటారు. పోయిన అక్టోబరులో పెరంబూరులోని మా డాబా మీద ఆరబెట్టిన అరటి ముక్కలకు మాత్రం రెండోనాడే బూజు పట్టింది. అబ్బాయి జాలిపడి డీహైడ్రేటర్, అంటే వేడిగాలితో పండ్లు ఆరబెట్టే కరెంటు పెట్టె, కొనిచ్చాడు. తొందరకొద్దీ వేడి 70 డిగ్రీలకు పెంచాను. ముక్కలు పైన చెక్కలా బిగిసి, లోపల మెత్తగానే మిగిలాయి. ఇప్పుడు కోయంబేడు మార్కెట్లో కొన్న మామిడిని అరసెంటీమీటరు మందాన కోసి, 57 డిగ్రీల దగ్గర పది గంటలు ఉంచుతున్నాను. చల్లారాక సీసాలో వదులుగా నింపి వారంపాటు రోజూ కుదుపుతాను. గాజుకు చెమ్మ పట్టిందా, మళ్లీ పెట్టెలోకే! ఆ పెట్టెతో వచ్చిన పుస్తకంలో తెలుగు ముక్క లేదు. వేసవికి ముందే మీ వంటల పేజీలో ఈ వివరాలు వేయండి. మామిడి తాండ్ర మాత్రం మే నెల ఎండలో డాబా మీదే పోస్తాను, అందులో రాజీ లేదు.

– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై