చిట్టికి, కావలి నుంచి

చిట్టీ,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమనే అనుకుంటున్నాం, ఫోన్ తీస్తే కదా తెలిసేది. "మీటింగ్‌లో ఉన్నా మా" అని ఒక ముక్క పడేసి మళ్లీ పలకవు. రాత్రి పదింటికి కూడా మీటింగేనా? వాట్సాప్‌లో రాస్తే చూసినట్టు టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. అందుకే కాగితం పట్టుకున్నా.

వానలు ఇంకా పడలేదు. బోరు మోటారు మళ్లీ కాలింది, మీ నాయన మెకానిక్ చుట్టూ తిరుగుతున్నాడు. గౌరి ఈనింది, పెయ్యదూడ. శీనడు మళ్లీ ఉద్యోగం మానేశాడు, వాడి సంగతి రాయాలంటే ఈ కాగితం చాలదు. జేజికి కంటి ఆపరేషన్ అయ్యాక వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో అన్నీ కనబడుతున్నాయి, పొద్దస్తమానం అరుగు మీదే.

అన్నట్టు, రమణమ్మక్క మనవరాలు మీ హాస్టల్లోనే ఉంటుందంట కదా. పోయిన వారం వచ్చింది. మాటల్లో మాటగా, మీ ఫ్రిజ్‌లో నీ పేరు రాసిన డబ్బా ఉందనీ, అందులో ఇంజెక్షన్ పెన్నులున్నాయనీ అనింది. చిట్టికి షుగరా అని రమణమ్మక్క గుండె పట్టుకుంది. కాదంట, సన్నబడడానికంట. నేనేమీ అనలేదు. టీ ఇచ్చి పంపించా.

నేను అడగను. నీకు ఇరవై ఏడొచ్చాయి, నీ సంపాదన నీది. ఫ్రిజ్ సంగతి మాత్రం చెప్తా, అది నా డిపార్ట్‌మెంటు. ఏఎన్ఎంగా చేసినంత కాలం వ్యాక్సిన్ క్యారియర్ భుజానేసుకుని ఊరూరూ తిరిగినదాన్ని. ఆ పెన్నులు వాడకముందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు అరలో పెట్టావా, తీసినప్పుడల్లా వేడి గాలి కొడుతుంది. హాస్టల్ ఫ్రిజ్ అయితే రోజుకు ఎన్నిసార్లు తీస్తారో లెక్కుండదు. అలాగని ఫ్రీజర్‌కి ఆనించి పెట్టకు, గడ్డకడుతుంది. డీపీటీ టీకా సీసా గడ్డకట్టిందేమోనని అనుమానం వస్తే మేం ఊపి పక్కన పెట్టి చూసేవాళ్లం, తెల్లటి పలుకులు తొందరగా అడుక్కి దిగితే ఇక అది పనికిరానట్టే. నీ మందుకి ఆ పరీక్ష కూడా ఉండదు, ఒకసారి గడ్డకడితే కరిగి నీళ్లలా కనబడినా పారెయ్యాల్సిందే. అసలు ఎక్కడ కొన్నావు? కొరియర్‌లో వచ్చిందా, ఈ ఎండల్లో? చేతికొచ్చేసరికి చల్లగా ఉందా? బిల్లు ఇచ్చారా? డబ్బా మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్నాయా? సూది ప్రతిసారీ కొత్తది మారుస్తున్నావా?

అడగనని చెప్పి అడిగేశా. సరేలే.

సెంటర్లో మెడికల్ షాపు అబ్బాయిని కనుక్కున్నా. నీ పేరు చెప్పలేదు, చుట్టాలమ్మాయికన్నా. 2025లో మౌంజారో, వెగోవీ అనే ఈ సన్నబడే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చినప్పుడు నెలకు వేలకు వేలంట. 2026 మార్చిలో వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మందు పేటెంటు తీరిపోయాక మన కంపెనీలే తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది అన్నాడు. ధర దిగడం మంచిదే. కానీ దిగింది ధర ఒక్కటే, డాక్టరు చీటీ లేకుండా అమ్మమని ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో ఎవడో చవగ్గా ఇస్తానన్నాడని తీసుకునే వస్తువు కాదది. సెమాగ్లుటైడ్ అయితే వారానికి ఒక్కసారి, అదీ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలు చూసి పెంచాలి. తొందరపడి డోసు పెంచితే వాంతులు పట్టుకుంటాయి. కడుపులో నొప్పి మొదలై వీపులోకి పొడుచుకుంటూ పోయి తగ్గకపోతే, అర్ధరాత్రయినా ఆసుపత్రికి పో. గ్యాస్ అని పడుకోవద్దు.

సింగరాయకొండ చిన్నత్త సంగతి నీకు సగమే తెలుసు, నువ్వప్పుడు బీటెక్ పరీక్షల్లో ఉన్నావు. వాళ్ల వీధిలో ఒకావిడ ఇంటి ముందుగదిలో పొద్దున్నే షేక్ తాగించే క్లబ్ పెట్టింది. గోడ నిండా ముందు ఫోటో, తర్వాత ఫోటో. మూలన బరువు మిషన్. చిన్నత్త చీటీ పాడిన డబ్బులు తీసుకెళ్లి డబ్బాలు కొన్నది. టిఫిన్ మానేసి షేక్ తాగితే నాలుగు కిలోలు తగ్గింది, టిఫిన్ మానేస్తే ఎవరైనా తగ్గుతారు. ఇక ఆమెను పట్టలేకపోయాం. ఫోటో గోడకెక్కింది. కోచ్ అన్నారు, మెడలో ట్యాగు వేశారు. కోచ్ అంటే ఇంకో నలుగురికి డబ్బాలు అంటగట్టడం. మనింటికి మూడు తెచ్చింది, మీ నాయన ఒకసారి తాగి, పాలల్లో చాక్‌పీసు కలిపినట్టుందని లేచిపోయాడు. ఏడాది తిరక్కుండా తగ్గిన నాలుగూ వచ్చాయి, వాటి వెంట ఇంకో ఐదు. కాళ్లు వాచాయి, జుట్టు ఊడింది, గొంతు బొంగురుపోయింది. షేక్ సరిగ్గా తాగట్లేదని క్లబ్బావిడ తిట్టింది కూడాను. నేనే పోయి, చెయ్యి పట్టుకుని ఒంగోలు రిమ్స్‌కి లాక్కెళ్లా. ఓపీ చీటీ రాయించుకుని వరసలో కూర్చున్నాం. లోపల చిన్నపిల్ల, డాక్టరమ్మ. టేపు తీసి నడుము కొలిచింది, చిన్నత్త సిగ్గుతో కొంగు సర్దుకుంటూనే ఉంది. "నీళ్లు తాగినా లావవుతున్నానమ్మా" అంటే ఆ పిల్ల నవ్వలేదు. గొంతు మీద చేతులు పెట్టి మింగమనింది. టీఎస్‌హెచ్ అని రక్తపరీక్ష రాసింది. థైరాయిడ్. పరగడుపున ఒక బిళ్ల, దానికి రోజుకు రెండు రూపాయలు కూడా పడదు. గొంతు బాగుపడింది, వాపు తీసింది. బరువు మాత్రం రెండు మూడు కిలోలే తగ్గింది. "థైరాయిడ్ వల్ల వచ్చింది అంతేనమ్మా, మిగతాది మీ పళ్లెంలోది" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. చిన్నత్త ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఇప్పుడా డబ్బాల్లో కందిపప్పు, చింతపండు పోసుకుంటోంది, మూతలు గట్టివి లే.

ఎందుకు చెప్తున్నానంటే, ముందు రక్తపరీక్ష. ఇంటర్ నుంచీ నీకు నెలలు సరిగ్గా రావు, అది పీసీఓడీనేమో స్కానింగ్ చేయించమని నేను ఎన్ని పండగలకు చెప్పాను? పోయిన సంక్రాంతికి నీ బరువు 74, ఎత్తు 160 సెంటీమీటర్లు. బీఎంఐ, అదే ఎత్తుకూ బరువుకూ లెక్క, 29కి ఇంచుమించు. మనవాళ్లకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క, ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. అట్లాగని 29కే ఇంజెక్షన్ రాసెయ్యరు. 30 ఉండాలి, లేదంటే 27 దాటి దాంతోపాటు బీపీయో షుగరో ఏదో ఒకటి ఉండాలి. అది తేల్చేది డాక్టరు, రీల్స్‌లో పిల్ల కాదు.

ప్రైవేటు ఫీజులకు భయపడి డాక్టర్ని తప్పించుకున్నావేమో. మీ హైదరాబాద్‌లో ఉస్మానియాలోనూ, నిమ్స్‌లోనూ ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బుల విభాగాలున్నాయి. మీ దగ్గర్లో బస్తీ దవాఖానా ఉంటే రక్తం అక్కడ ఇవ్వు, డబ్బు తీసుకోరు. సెలవు దొరకదంటావా, గవర్నమెంటు వాళ్ల ఈ-సంజీవనిలో ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడొచ్చు, అదీ ఉచితమే. పీసీఓడీ అని మెట్‌ఫార్మిన్ బిళ్లలు రాస్తే జన్ ఔషధిలో కొను. కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా అనకు, బరువు తగ్గే మందులకు చాలా పాలసీలు ఇవ్వవు. బరువు తగ్గించే ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ ఇవ్వాలన్నా 40 బీఎంఐ ఉండాలి, లేదా 35తో పాటు పెద్ద జబ్బుండాలి. నీకా అవసరం లేదు, రాకూడదు.

డాక్టరే రాసిందనుకో, వాడు. నేనడ్డం రాను. కానీ ఆపితే బరువు తిరిగొస్తుందని తెలుసుకుని వాడు. ఆకలి చచ్చిపోతుంది కదాని కాఫీతో గడిపేస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. గుడ్డు, చేప, పప్పు ముందు తిని, తర్వాతే అన్నం. నడక ఒక్కటే చాలదు, బరువులెత్తాలంట, బకెట్లయినా ఎత్తు.

పెళ్లి మాట ఎత్తనని మాటిచ్చా, ఎత్తడం లేదు. ఆ సెమాగ్లుటైడ్ ఆపాక రెండు నెలలు ఆగితే గానీ కడుపు రాకూడదని మాత్రం గుర్తుపెట్టుకో, ఏఎన్ఎంగా చెప్తున్నా. చీరాల వాళ్లావిడ అన్న మాట నువ్వు వంటింట్లోంచి విన్నావని నాకు తెలుసు. ఆ సంబంధం మీ నాయన వద్దనేశాడు, నీకు చెప్పలేదంతే. ఆవిడ నడుము నేనూ చూశా, టేపు చాలదు.

పదివేలు నీ అకౌంట్‌లో వేయించా, టెస్టులకి. డ్రెస్సులకి కాదు. థైరాయిడ్, షుగర్, స్కానింగ్ రిపోర్టుల ఫోటోలు పంపు, పెన్ను డబ్బా మీద రాసున్నది కూడా నాలుగు వైపులా ఫోటో తీసి పంపు. పంపేదాకా ఈ వారం సూది వేసుకోకు.

శుక్రవారం రాత్రి ట్రావెల్స్‌లో పార్సిల్ వేస్తున్నాం, పొద్దున ఆరింటికల్లా పోయి తీసుకో, లేకపోతే కింద పడేస్తారు. ఉలవలు, పెసలు, ఎండు రొయ్యల పొడి ఉన్నాయి. రొయ్యల పొడికి రెండు కవర్లు వేశా, రూమ్‌లో వాసనొస్తుందని మీ రూమ్మేట్ మళ్లీ గొడవ పెట్టకుండా. మలై కాజా పెట్టాల్సిందేనని జేజి పొద్దుటి నుంచీ పోరు, నాలుగే పెట్టా. మూడు హాస్టల్ పిల్లలకిచ్చెయ్, రమణమ్మక్క మనవరాలికి తప్ప.

అమ్మ