డైసైక్లోమిన్ కండకే, నరానికి వద్దు

సిస్టర్స్ అందరికీ నమస్తే. కడుపు మెలిపెట్టి పేషెంట్ మెలికలు తిరుగుతుంటే, ఎలాగూ కాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) ఉంది కదా అని, ఆ నొప్పి తగ్గించే డైసైక్లోమిన్ అందులోనే ఎక్కించేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇది కండకు మాత్రమే ఇచ్చే ఇంజెక్షన్. నరంలోకి వెళ్తే నరం వాచి, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. సూది గుచ్చాక ప్లంజర్ కాస్త వెనక్కి లాగండి, రక్తం రాకపోతేనే మందు వదలండి.

గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), మయస్తీనియా గ్రేవిస్ (కండరాలు నీరసించే జబ్బు) ఉన్నవాళ్లకు, మూత్రం గానీ పేగు గానీ అడ్డుపడినవాళ్లకు ఇవ్వకూడదు. 6 నెలల లోపు పిల్లలకు, పాలిచ్చే తల్లులకు అసలే వద్దు. ఆ నొప్పిలో వాళ్లంతట వాళ్లు చెప్పరు, "అమ్మా, బిడ్డకు పాలిస్తున్నావా?" అని మనమే అడగాలి.

ఇచ్చాక నోరెండిపోతుంది, చూపు మసకబారొచ్చు. బాత్రూమ్‌కి లేస్తే పక్కన ఉండండి, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లకు.